కొవ్వొత్తి వెలుగులో ఫోటోలు: ముఖాలు నారింజ ముద్ద కాకుండా, ఆ వెచ్చదనమూ పోకుండా ఎలా?

చిరుదీపం

అందరికీ నమస్కారం. డిసెంబర్ 24 రాత్రి మా చర్చిలో క్యాండిల్ లైట్ సర్వీస్ ఉంది. హాల్లో లైట్లన్నీ ఆపేస్తారు. క్వయర్‌లో పాతికమంది చేతుల్లో తలా ఒక కొవ్వొత్తి ఉంటుంది. ఫోటోలు నేను తీయాలి. సర్వీస్ జరుగుతుండగా ఫ్లాష్ వద్దని పాస్టరు గారు ముందే చెప్పారు.

నా దగ్గర క్రాప్ సెన్సర్ మిర్రర్‌లెస్, 50 ఎంఎం ఎఫ్/1.8, కిట్ లెన్స్, ఒక ట్రైపాడ్ ఉన్నాయి. ఇంట్లో ఒక కొవ్వొత్తితో తీసి చూస్తే వచ్చిన ఇబ్బందులు ఇవి:

ఆటో వైట్ బ్యాలెన్స్‌లో (తెలుపు తెల్లగా రావడానికి కెమెరా తనే రంగు సరిచేసుకునే సెట్టింగ్) ముఖం మొత్తం నారింజ. తెల్ల చీర పసుపు గుడ్డలా ఉంది. ఎర్ర పట్టుచీరైతే మడతలు, అంచు, బుటాలు ఏమీ తెలియకుండా ఒకే ఎర్ర ముద్ద. ఎడిటింగ్‌లో టెంపరేచర్ స్లైడర్‌ని నీలం వైపు చివరిదాకా లాగితే ముఖం బూడిద రంగుకు తిరుగుతోంది, నీడల్లో నీలం మచ్చలు తేలుతున్నాయి.

కెమెరాలో ఏం మార్చాలి, ఎడిటింగ్‌లో ఏం చేయాలి? అంకెలతో చెబితే మేలు.

మైరెడ్ మాస్టారు

ముందు ఆ రంగు ఎందుకు వస్తుందో చూద్దాం. కారణం తెలిస్తే సెట్టింగులు వాటంతటవే కుదురుతాయి.

కొవ్వొత్తి మంట రంగు ఉష్ణోగ్రత 1850–1900 కెల్విన్ (ఈ అంకె తగ్గినకొద్దీ వెలుగు నారింజ, పెరిగినకొద్దీ నీలం). ఇంట్లో వాడే పాత ఫిలమెంట్ బల్బు 2700 ఉంటుంది, పగటి ఎండ 5500. కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ మామూలుగా 3000 దగ్గరే ఆగిపోతుంది. చేత్తో కెల్విన్ పెట్టుకున్నా చాలా కెమెరాలు 2500 కంటే కిందికి దిగవు. అంటే కెమెరా తన శక్తికొద్దీ సరిచేశాక కూడా కొంత నారింజ మిగిలే ఉంటుంది.

ఎంత మిగిలిందో కెల్విన్లలో తీసివేస్తే తెలియదు. మైరెడ్లలో చూడాలి: 10,00,000ను కెల్విన్‌తో భాగించడమే. 1900 కెల్విన్ అంటే 526 మైరెడ్లు. 2500 అంటే 400. తేడా 126. పగటి వెలుగు 5500 అంటే 182, ఫిలమెంట్ స్టూడియో లైటు 3200 అంటే 312. ఆ రెండింటి మధ్య తేడా 130. మీరు 2500 పెట్టాక మిగిలిపోయిన నారింజ, స్టూడియో లైటు కింద డేలైట్ సెట్టింగ్‌తో తీస్తే వచ్చేంత. 600 కెల్విన్లే కదా అనుకుంటే ఇక్కడ మోసపోతాం.

కెమెరాలో ఇంకొంచెం దిగే దారి ఒకటుంది: వైట్ బ్యాలెన్స్ షిఫ్ట్. కెనాన్‌లో నీలం వైపు ఒక్కో మెట్టు 5 మైరెడ్లు, మొత్తం 9 మెట్లు. 2500 కెల్విన్ పెట్టి షిఫ్ట్‌ను బి9కి జరిపితే 400కు 45 కలిసి 445 మైరెడ్లు, అంటే దాదాపు 2250 కెల్విన్. నికాన్‌లో 6 మెట్లే, ఒక్కో మెట్టు అంతే. జేపెగ్ మాత్రమే తీసేవాళ్లకు ఇది చాలా విలువైన సర్దుబాటు.

ఇంకో మాట. స్లైడర్ చివరిదాకా లాగానన్నారు. ఆ స్లైడర్ మీద కెల్విన్ అంకె ఉందా, లేక −100 అని ఉందా?

చిరుదీపం

−100 అని ఉంది మాస్టారు.

మైరెడ్ మాస్టారు

అయితే మీరు సరిచేస్తున్నది జేపెగ్. అందులో నీలం చానెల్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగు పొరల్లో ఒకటి) అప్పటికే నలిగిపోయి ఉంటుంది. ముఖం మీద నీలం విలువ 255లో 15, 20 ఉన్నచోట నుంచి స్లైడర్ ఏం పైకి లాగగలదు? లాగినకొద్దీ వచ్చేవి ఆ మచ్చలే. రా ఫైలు (సెన్సర్ పట్టినదాన్ని సరిచేయకుండా ఉన్నదున్నట్టు దాచే ఫైలు) తీయండి. లైట్‌రూమ్‌లో రా తెరిస్తే స్లైడర్ 2000 కెల్విన్ దాకా దిగుతుంది. 2000 అంటే 500 మైరెడ్లు, 1900కు 26 మాత్రమే తక్కువ. కొవ్వొత్తికి అది సరిపోతుంది. ఇంకా కిందికి దింపాలని కెమెరా ప్రొఫైల్‌ను ప్రత్యేకంగా తయారు చేసుకునే పద్ధతి ఉంది కానీ, అది ఇన్‌ఫ్రారెడ్ తీసేవాళ్లకు అవసరం, దీనికి కాదు.

ఓరుగల్లు లెన్స్

రంగు సంగతి మాస్టారు చెప్పారు కాబట్టి నేను ఎక్స్‌పోజర్ చెబుతాను. ఎక్స్‌పోజర్ తప్పితే వైట్ బ్యాలెన్స్ ఎంత సరిగా ఉన్నా నీడల్లో మచ్చలు పోవు.

మామూలు తెల్ల కొవ్వొత్తి వెలుగు సుమారు ఒక క్యాండెలా. మీటరు దూరంలో అది 1 లక్స్. 50 సెంటీమీటర్లలో 4, 30 సెంటీమీటర్లలో 11. క్వయర్ వాళ్లు ఛాతీ ముందు పట్టుకుంటే ముఖానికి 30 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్నిబట్టి లెన్స్‌ను ఎఫ్/1.8కి పూర్తిగా తెరిస్తే (ఐఎస్ఓ అంటే సెన్సర్ సున్నితత్వం, దాని తర్వాతది సెకన్లలో షట్టర్ వేగం):

ఒకరే, ఒక కొవ్వొత్తి, 30 సెం.మీ.: ఐఎస్ఓ 3200, 1/40
అదే 50 సెం.మీ.కు జరిగితే: ఐఎస్ఓ 3200, 1/15
వరసలో నిలబడి పక్కవాళ్ల వెలుగు కూడా పడుతుంటే: ఐఎస్ఓ 3200, 1/60

కిట్ లెన్స్ ఎఫ్/5.6లో ఇదంతా మూడు స్టాప్‌ల పైన పడిపోతుంది (ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమవుతుంది). ఐఎస్ఓ 12800 పెట్టినా, వరసలో వెలుగుకు కూడా 1/25 దగ్గర ఉంటారు. ఆ రాత్రికి కిట్ లెన్స్‌ను హాల్ మొత్తం కనిపించే ట్రైపాడ్ షాట్లకే ఉంచండి.

మోడ్ మాన్యువల్. ఫ్రేములో మంట పెద్దగా ఉంటే మీటర్ భయపడి ముఖాన్ని చీకటి చేస్తుంది, వెనక చీకటి ఎక్కువుంటే ముఖాన్ని పేలుస్తుంది, అంటే వెలుగు ఎక్కువై వివరం పోతుంది. రెండూ ఒకే వరసలో పక్కపక్క షాట్లలో జరుగుతాయి. ఫోటో ఫోటోకి వెలుగు మారితే తరవాత రంగు కలపడం నరకం.

ట్రైపాడ్ ఉంది కదా అని షట్టర్ 1/10కి దించకండి. కెమెరా కదలదు, పాడేవాళ్ల తల కదులుతుంది. పాట మధ్య చరణం ఆగినచోట, ఊపిరి తీసుకునేచోట నొక్కితే 1/40కి కూడా పదును వస్తుంది. మూడేసి, నాలుగేసి వరసగా తీయండి.

ఫోకస్: 50 ఎంఎం, ఎఫ్/1.8, మీటరున్నర దూరంలో మీ కెమెరాకు పదునుగా ఉండే లోతు 6 సెంటీమీటర్ల పైచిలుకు. కంటి మీద పెడితే చెవి పోతుంది, మంట మీద పెడితే కళ్లే పోతాయి. ఆటోఫోకస్ మంటను పట్టుకోవాలని చూస్తుంది, అదే ఎక్కువ కాంట్రాస్ట్ ఉన్న చోటు గనక. సింగిల్ పాయింట్ పెట్టి, మంట వెలుగు పడే వైపు కంటి మీద ఉంచండి. ఫోకస్ సహాయానికి వెలిగే ఆ చిన్న లైటును మెనూలో ఆపేయండి, చీకటి హాల్లో అందరి కళ్లల్లో కొడుతుంది.

లెన్స్ మీద యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి. ఉంచితే ఫ్రేములో ప్రతి మంటకూ ఎదురు మూలన తలకిందులుగా ఒక దెయ్యపు మంట తేలుతుంది.

గోదారి గట్టు

ఎర్ర చీర సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ఈ వెలుగులో అన్నిటికంటే పెద్ద నష్టం అదే.

కొవ్వొత్తి వెలుగులో ఎరుపు ఎక్కువ, నీలం అత్యల్పం. ఎర్ర పట్టు ఆ ఎరుపునే తిప్పి కొడుతుంది. దాంతో ఎరుపు చానెల్ ఒక్కటే పై అంచుకు గుద్దుకుంటుంది. మడతకూ మడతకూ తేడా చూపాల్సింది ఆ చానెలే. అది 255 దగ్గర చదునైపోతే చీర రంగు కాగితంలా కనిపిస్తుంది. కుంకుమ బొట్టు, ఎర్ర గాజులు, పెదవులు, అన్నిటికీ ఇదే గతి.

చూడాల్సింది కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ (చీకటి ఎడమన, వెలుగు కుడిన చూపే గ్రాఫు), తెల్లది కాదు. తెల్ల హిస్టోగ్రామ్ మధ్యలో హాయిగా ఉంటుంది, ఎరుపు మాత్రం కుడి గోడకు అతుక్కుని ఉంటుంది. ఎరుపు గోడకు తగలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించండి.

మైరెడ్ మాస్టారు

> ఎరుపు గోడకు తగలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించండి

ఇక్కడ ఒక చిక్కు ఉంది, గట్టు గారూ. కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్ రా ఫైలుది కాదు, కెమెరా తనలో తాను తయారు చేసుకున్న జేపెగ్‌ది. వైట్ బ్యాలెన్స్ 5500లో ఉంటే కెమెరా ఎరుపును దాదాపు రెట్టింపు చేసి చూపిస్తుంది. రా ఫైలులో ఎరుపు ఇంకా ఒక స్టాప్ ఖాళీగానే ఉన్నా హిస్టోగ్రామ్‌లో పేలినట్టు కనపడుతుంది. దాన్ని నమ్మి ఎక్స్‌పోజర్ తగ్గిస్తే, అసలే సరుకు లేని నీలం చానెల్ ఇంకా చీకట్లోకి పోతుంది. ఈ వెలుగులో నీలం ఆకుపచ్చ కంటే సుమారు రెండు స్టాప్‌లు కిందే ఉంటుంది. మచ్చలన్నీ అక్కడి నుంచే పుడతాయి.

అందుకే వరస ముఖ్యం. ముందు కెల్విన్ 2500 పెట్టండి, షిఫ్ట్ నీలం వైపు చివరికి జరపండి. పిక్చర్ స్టైల్ న్యూట్రల్, కాంట్రాస్ట్ తక్కువ. అప్పుడు కనిపించే ఎరుపు హిస్టోగ్రామ్ నిజానికి దగ్గరగా ఉంటుంది. దాన్ని చూసి ఎక్స్‌పోజర్ పెట్టండి. రా తీసేవాడికి వైట్ బ్యాలెన్స్‌తో పనిలేదని అంటుంటారు. ఫైలుకు పనిలేదు, ఎక్స్‌పోజర్ నిర్ణయానికి మాత్రం పని ఉంది.

ఆ సెట్టింగ్‌తో కూడా ఎర్ర పట్టు మీద ఎరుపు తగులుతుంటే అది నిజంగానే పోతోందని అర్థం. అప్పుడు గట్టు గారు చెప్పినట్టు మూడింట ఒక స్టాప్ చొప్పున తగ్గించండి.

గోదారి గట్టు

ఒప్పుకున్నాను. అయితే నా రెండో సలహా గ్రే కార్డు, అంటే ఏ రంగూ కలవని బూడిద అట్ట. క్వయర్ నిలబడే చోట, కొవ్వొత్తికి 30 సెంటీమీటర్ల దూరంలో గ్రే కార్డు పట్టించి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ కొలవండి. చాలా కెమెరాల్లో కస్టమ్ కొలత, కెల్విన్ డయల్ కంటే కిందికి వెళ్తుంది. కార్డు మీద ఎరుపు పేలకూడదు, పేలితే కొలత తప్పు. తెల్ల చీర తెల్లగా వచ్చేస్తుంది, ముఖాలు సహజంగా వస్తాయి, పాతిక ఫోటోలూ ఒకే రంగులో ఉంటాయి.

డార్క్‌రూమ్ బాబాయ్

కొలవండి, కానీ ఆ కొలత దగ్గరే ఆగిపోకండి అని నా మనవి.

కొవ్వొత్తి ముందు కూర్చున్న మనిషి కంటికి తెల్ల చీర పూర్తి తెల్లగా కనపడదు. మన కన్ను ట్యూబ్ లైటుకీ ఎండకీ పూర్తిగా అలవాటు పడుతుంది గానీ, ఇంత తక్కువ కెల్విన్ వెలుగుకు సగంలోనే ఆగిపోతుంది. అందుకే కొవ్వొత్తి వెలుగు ఎంతసేపు కూర్చున్నా బంగారు రంగుగానే తోస్తుంది. ఫోటోలో దాన్ని పూర్తిగా తుడిచేస్తే చూసేవాళ్లకు అది కొవ్వొత్తి వెలుగని అనిపించదు, మబ్బు పట్టిన రోజు కిటికీ పక్కన తీసినట్టుంటుంది. పైగా మంట తెల్లగా, పాలిపోయి కనిపిస్తుంది. మంట నడుమ ఎలాగూ పేలుతుంది. దానికి ప్రాణం పోసేది చుట్టూ ఉండే పసుపు, నారింజ అంచు. పూర్తి న్యూట్రల్‌లో ఆ అంచు చచ్చిపోతుంది.

నా కొలత: 70 నుంచి 120 మైరెడ్ల వెచ్చదనం ఉంచండి. వెలుగు 1900 అయితే రా ఫైలులో 2200 నుంచి 2450 మధ్య. ఒక్కరి ముఖం దగ్గరగా ఉంటే 2200 వైపు, హాల్ మొత్తం మంటలతో కనిపించే షాట్‌కు 2450 వైపు.

గోదారి గట్టు

బాబాయ్, క్వయర్ వాళ్ల తెల్ల చీరలు పసుపుగా ఉంటే వాళ్లే అడుగుతారు, చీర పాతదిలా ఉందేంటని.

డార్క్‌రూమ్ బాబాయ్

దానికి చీర ఒక్కదాన్నే సరిచేయొచ్చు. చీర మీద మాస్క్ వేసి (అంటే అంతమేరకే ఎంచుకుని) పసుపు, నారింజల సాచురేషన్ 20–30 తగ్గిస్తే తెల్లదనం తిరిగొస్తుంది, ముఖానికి వెచ్చదనం మిగులుతుంది. కన్ను బట్టను చూసి తెలుపును పోల్చుకుంటుంది, ముఖాన్ని చూసి వెలుగును పోల్చుకుంటుంది. రెండింటికీ ఒకే సర్దుబాటు చేయాలని ఏమీ లేదు.

ఇంకో మాట. ఫిల్మ్ రోజుల్లో దీనికి 80ఏ నీలం ఫిల్టర్ పెట్టేవాళ్లం. డిజిటల్‌లోనూ కొందరు వాడుతున్నారు. మాస్టారు ఏమంటారు?

మైరెడ్ మాస్టారు

80ఏ అంటే −131 మైరెడ్లు. 526లోంచి 131 తీస్తే 395, అంటే 2530 కెల్విన్. కొవ్వొత్తి వెలుగు సరిగ్గా కెమెరా డయల్ అంచులోకి వచ్చేస్తుంది. లెక్కకు ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ ఫిల్టర్ 2 స్టాప్‌ల వెలుగు తినేస్తుంది. అది నీలాన్ని పెంచదు, ఎరుపునూ ఆకుపచ్చనూ కోసేస్తుంది. ట్రైపాడ్ మీద కదలని వస్తువులు, అంటే బల్ల మీద పళ్లు, పూలు, పుస్తకం లాంటివి తీసేటప్పుడు షట్టర్ నాలుగింతలు పెంచుకోగలరు కాబట్టి అక్కడ మేలు. అప్పుడు మూడు చానెళ్లూ దాదాపు సమానంగా నిండుతాయి, నీడలు శుభ్రంగా వస్తాయి. కదిలే మనుషులకు 1/40 కాస్తా 1/10 అవుతుంది. సర్వీస్‌కు వద్దు.

ఓరుగల్లు లెన్స్

వెలుగు తక్కువైతే ఐఎస్ఓ వెంట పడే ముందు కొవ్వొత్తిని చూడండి. 60 సెంటీమీటర్ల నుంచి 30కి తెస్తే నాలుగింతల వెలుగు, రెండు స్టాప్‌లు, పైసా ఖర్చు లేదు.

వత్తి 6 మిల్లీమీటర్లకు కత్తిరించి వెలిగించండి. పొడవైతే మంట ఎగిసి పొగ కక్కుతుంది, ఫోటోలో పైన మసి తీగలా కనిపిస్తుంది. సీలింగ్ ఫ్యాన్లు, ఏసీ గాలి ఆపించండి. మంట పక్కకు వాలితే ముఖం మీద వెలుగు ఒక్క క్షణంలో సగానికి పడిపోతుంది.

మైనం చేతి మీద కారకుండా కొవ్వొత్తికి పేపర్ కప్పు తొడుగుతారు కదా, దాన్ని గమనించండి. కప్పు అంచు మంట కంటే ఎత్తుంటే ముఖానికి వెలుగు అడ్డుపడుతుంది, కప్పు మాత్రం లాంతరులా వెలిగి ఫ్రేములో ముఖం కంటే ప్రకాశంగా ఉంటుంది. మంట అడుగు కంటే రెండు వేళ్లు కిందికి ఉండేలా అంచు కత్తిరించండి. కప్పు తెల్లదో, గోధుమ రంగుదో అయితే పరవాలేదు. ఎర్ర, పచ్చ డిజైన్ కప్పులు గడ్డం కింద ఆ రంగునే పూస్తాయి. దాన్ని వైట్ బ్యాలెన్స్ తీయలేదు.

కొవ్వొత్తి ఛాతీ దగ్గరుంటే వెలుగు కింది నుంచి పడి ముక్కు నీడ నుదుటి మీదికి పోతుంది, ముఖం భయంకరంగా ఉంటుంది. గడ్డం ఎత్తుకు లేపి, ఒక జానెడు ముందుకు, కొంచెం పక్కకు పట్టమని చెప్పండి. రిహార్సల్‌లో ఒకసారి చెబితే చాలు. చెయ్యి మంటకూ కెమెరాకూ మధ్య అడ్డం పెడితే ఇంకా బాగుంటుంది. మంట పేలడం కనిపించదు, అరచెయ్యి వెలుగును ముఖం మీదికి తిప్పుతుంది, వేళ్ల సందుల్లో ఎర్రగా మెరుస్తుంది. ఆ ఎరుపును మాత్రం సరిచేయకండి, అది రక్తం రంగు.

డాలస్ తెలుగోడు

ఫోన్‌తో తీసేవాళ్ల కోసం నాలుగు మాటలు.

నైట్ మోడ్ చాలా ఫ్రేములు కలిపి ఒకటి చేస్తుంది. ఆ లోపు మంట వంకర తిరుగుతుంది, మనిషి కదులుతాడు. ఫలితంగా మంట రెండు మూడు నాలుకలుగా, ముఖం మైనం పూసినట్టుగా వస్తుంది. ప్రో మోడ్‌లోకి వెళ్లి రా ఆన్ చేయండి. మెయిన్ కెమెరానే వాడండి, అల్ట్రావైడ్, టెలీ లెన్సులు చీకట్లో పనికిరావు. ఐఎస్ఓ 1600, షట్టర్ 1/30, వైట్ బ్యాలెన్స్ కెల్విన్ ఎంత కిందికి వెళ్తే అంత. ఫోన్‌ను బెంచీ అంచుకు ఆనించి 2 సెకన్ల టైమర్‌తో తీయండి. ప్రో మోడ్ లేకపోతే మంట మీద నొక్కి పట్టుకుని ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వెలుగు స్లైడర్‌ను ముఖం కనపడేదాకా లేపండి.

చిరుదీపం

చాలా ఉపయోగంగా ఉంది. హాల్లో లైట్లు ఆపినా మూడు వెలుగులు మిగులుతాయి: స్టేజీ పైన ఎల్ఈడీ క్రిస్మస్ నక్షత్రం, పాటల సాహిత్యం చూపే ప్రొజెక్టర్ తెర, తలుపు మీద ఒక ట్యూబ్ లైటు. వీటిని ఏం చేయాలి?

మైరెడ్ మాస్టారు

ట్యూబ్ లైటు ఆపించండి. తలుపు దగ్గర వెలుతురు కావాలంటే అక్కడ కూడా కొవ్వొత్తులు పెట్టమనండి, లేదా ఫిలమెంట్ బల్బు చాలు. కొవ్వొత్తి 526, తెల్ల ట్యూబ్ 154 మైరెడ్లు (6500 కెల్విన్). ఒకే ముఖం మీద 370 మైరెడ్ల తేడా ఉన్న రెండు వెలుగులు పడితే ఏ సెట్టింగూ రెండింటినీ సరిచేయదు. కొవ్వొత్తికి సరిచేస్తే చెంప రెండో వైపు సిరా పూసినట్టు నీలం అవుతుంది.

ప్రొజెక్టర్ తెర మీద తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌కు బదులు నల్ల బ్యాక్‌గ్రౌండ్, లేత నారింజ అక్షరాలు పెట్టమని సౌండ్ బాక్స్ దగ్గర కూర్చునే కుర్రాళ్లకు చెప్పండి. రెండు నిమిషాల పని, హాల్ రంగే మారిపోతుంది.

నక్షత్రం ఉండనివ్వండి, దూరంగా వెనక నీలంగా ఉంటే నారింజ ముఖాలకు అందమే. ఒక్క జాగ్రత్త: సైలెంట్ షట్టర్ వాడితే ఎల్ఈడీ వెలుగు వల్ల ఫ్రేములో అడ్డ చారలు వస్తాయి. మంటకు ఆ జబ్బు లేదు, ఎల్ఈడీకి ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 పెడితే చారలు చాలావరకు పోతాయి. బ్యాటరీ మీద నడిచే ఎల్ఈడీ కొవ్వొత్తులను అసలు కొవ్వొత్తులతో కలపొద్దు. వాటి పసుపులో ఆకుపచ్చ ఉంటుంది, ఒకదాన్ని సరిచేస్తే రెండోది చెడుతుంది.

గోదారి గట్టు

గోడల రంగు కూడా చూసుకోండి. ఆకుపచ్చ డిస్టెంపర్ గోడకు దగ్గరగా నిలబడితే నీడ వైపు చెంపకు ఆ పచ్చదనం అంటుతుంది. గోడకు రెండు మీటర్లు ముందుకు నిలబెట్టండి. రిఫ్లెక్టర్‌గా తెల్ల థర్మోకోల్ షీటు చాలు, అర మీటరు వెడల్పు, నీడ వైపు ఫ్రేము బయట. మంటకు మరీ దగ్గరగా పెట్టకండి, థర్మోకోల్ ఇట్టే అంటుకుంటుంది. చీర కొంగులు పిన్ను పెట్టించండి, ఒక బకెట్ నీళ్లు పక్కన ఉంచండి. పాతిక మంటలున్న చోట ఇది అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

డాలస్ తెలుగోడు

సర్వీస్ అయ్యాక గ్రూప్ ఫోటోకు ఫ్లాష్ ఒప్పుకుంటే: ఫ్లాష్ మీద పూర్తి సీటీఓ జెల్ (ఫ్లాష్ వెలుగును నారింజ చేసే పల్చటి ఫిల్టర్) ఒకటి కాదు, రెండు పొరలు వేయండి. ఒక్కోటి దాదాపు 159 మైరెడ్లు. 182కు 318 కలిపితే 500, అంటే 2000 కెల్విన్, కొవ్వొత్తికి జోడీ. ఒక్క పొర వేస్తే ఫ్లాష్ 2930 దగ్గరే ఆగిపోయి ముఖాలు చల్లగా, మంటలు ఎర్రగా విడిపోతాయి. ఫ్లాష్ మాన్యువల్‌లో 1/64, వెనక తెల్ల గోడకో, సీలింగ్‌కో కొట్టి. ముందు ఫ్లాష్ లేకుండా కొవ్వొత్తులకు ఎక్స్‌పోజర్ పెట్టుకుని, ఆ తర్వాత నీడలు కొద్దిగా లేచేదాకా ఫ్లాష్ పెంచండి. స్టేషనరీ షాపులో దొరికే నారింజ జెలటిన్ పేపరు వాడకండి, రంగుకు లెక్క ఉండదు, ఫ్లాష్ వేడికి ముడుచుకుపోతుంది.

ప్రమిద

ఇదే సందేహం కార్తీక దీపాలకు. తులసికోట దగ్గర నువ్వుల నూనె ప్రమిదలతో తీస్తే ఇవే అంకెలా?

ఓరుగల్లు లెన్స్

రంగు దాదాపు అంతే, 1800–1900. వెలుగు మాత్రం తక్కువ, సన్న వత్తికి మంట చిన్నది. కొవ్వొత్తి లెక్కకు ఒకటి, ఒకటిన్నర స్టాప్ కలుపుకోండి. వత్తి లావుగా చేసి, ప్రమిద అంచు దాటి అర సెంటీమీటరు బయటికి లాగితే మంట నిలకడగా ఉంటుంది. మీకున్న లాభం ఏమిటంటే దీపాలు ఎన్నైనా పెట్టుకోవచ్చు. ముఖం చుట్టూ అర్ధచంద్రాకారంగా 40 సెంటీమీటర్ల దూరంలో పది ప్రమిదలు పెడితే నీడలు మెత్తబడతాయి, అదే దూరంలో ఒక్క కొవ్వొత్తి కంటే సుమారు రెండు స్టాప్‌లు ఎక్కువ వెలుగు వస్తుంది. నేల మీద కాకుండా పీటల మీద, ఫ్రేముకు కింద దాచండి. ఆరుబయట అయితే అసుర సంధ్యలో మొదలుపెట్టకండి, ఆకాశం నీలం ముఖం మీద పడుతుంది. పూర్తి చీకటి పడ్డాక తీయండి. ఆకాశం నీలం వెనక కావాలనుకుంటే మనిషిని పందిరి కిందకి తెచ్చి, ఆకాశాన్ని వెనక మాత్రమే ఉండనివ్వండి.

డార్క్‌రూమ్ బాబాయ్

ఇక ఎడిటింగ్. చిరుదీపం గారూ, వరస తప్పకుండా చేయండి, వరస మారితే ఫలితం మారుతుంది.

మొదట నాయిస్ తీయండి. రా మీద పనిచేసే డీనాయిస్ ఉంటే అది, లేకపోతే కలర్ నాయిస్ స్లైడర్ 25 నుంచి 40–50కి. నీలం చానెల్ మచ్చలు రంగు మచ్చలే కాబట్టి ఈ స్లైడర్‌కే లొంగుతాయి. వెలుగు నాయిస్ ఎక్కువ తుడవకండి, చర్మం ప్లాస్టిక్ అవుతుంది.

తర్వాత టెంపరేచర్‌ను 2000కి దించి గ్రే కార్డు ఉన్న ఫ్రేములో టింట్ (ఆకుపచ్చ, గులాబీల మధ్య జరిపే స్లైడర్) సరిచేయండి. కొవ్వొత్తికి టింట్ కొంచెం తప్పితే ముఖం గులాబీకో ఆకుపచ్చకో తిరుగుతుంది, నారింజ కంటే అది ఎక్కువ ఎబ్బెట్టు. టింట్ కుదిరాక దాన్ని ముట్టుకోకుండా టెంపరేచర్ మాత్రం 2200–2450కి వెనక్కి తేండి. డార్క్‌టేబుల్ వాడేవాళ్లు కలర్ క్యాలిబ్రేషన్‌లో ఇల్యూమినెంట్‌ను కస్టమ్‌కు మార్చి గ్రే మీద ఐడ్రాపర్ పెట్టి, క్రోమాను కొంచెం తగ్గిస్తే అదే పని.

మూడోది, ఎరుపు. ప్రొఫైల్ న్యూట్రల్‌కు మార్చండి. ఎక్కువ ప్రొఫైళ్లు ఎరుపును తమంతట తామే లాగుతాయి. నారింజ సాచురేషన్ −10, −15, ల్యుమినెన్స్ +5, +10. ఎర్ర చీరకు ల్యుమినెన్స్ తగ్గిస్తే మడతలు బయటపడతాయి. పని 16 బిట్‌లో, పెద్ద కలర్ స్పేస్‌లో చేయండి. ఎస్‌ఆర్‌జీబీలోకి (మామూలు స్క్రీన్లు వాడే చిన్న కలర్ స్పేస్) ముందే దింపితే ఆ ఎర్ర పట్టు మళ్లీ చదునవుతుంది.

ముఖం సరిగా ఉందో లేదో కంటితో కాక అంకెలతో చూసుకోండి, కన్ను పది నిమిషాల్లో స్క్రీన్ రంగుకు అలవాటు పడిపోతుంది. చెంప మీద కర్సర్ పెట్టండి: ఎరుపు 70 శాతం ఉంటే ఆకుపచ్చ 48–52, నీలం 28–35 ఉండాలి. నీలం ఎరుపులో మూడో వంతు కంటే తగ్గితే అదే మీరు మొదట చెప్పిన నారింజ. సగం దాటితే వెచ్చదనం పోయినట్టు. చామనఛాయ, నలుపు చర్మానికి అంకెలన్నీ కిందికి దిగుతాయి, నిష్పత్తి మాత్రం ఇదే.

బ్లాక్ అండ్ వైట్ చేయాలనుకుంటే నీలం చానెల్‌ను పూర్తిగా వదిలేయండి. ఎరుపు 60, ఆకుపచ్చ 40, నీలం 0. నాయిస్ సగం అక్కడే పోతుంది, ముఖం వెలుగుతుంది.

చిరుదీపం

రా తీసి, 2500తో పాటు షిఫ్ట్ పెట్టి, మూడు రంగుల హిస్టోగ్రామ్ చూసి మళ్లీ ట్రయల్ తీశాను. ఎడిటింగ్‌లో 2250. చీర అంచు మీద జరీ గీతలు విడివిడిగా కనిపిస్తున్నాయి. చెంప మీద 68, 49, 31. కానీ ముక్కు పక్క నీడలో ఇంకా కొంచెం వంకాయ రంగు ఉంది.

మైరెడ్ మాస్టారు

అంకెలు సరిగ్గా ఉన్నాయి. నీడలో వంకాయ రంగు అంటే అక్కడ అసలు వెలుగే లేదు, కనిపిస్తున్నది నాయిస్ రంగు. దాన్ని పైకి లేపకండి. షాడోస్ స్లైడర్ 0కి తెచ్చి, నీడ మీద మాస్క్‌తో సాచురేషన్ −40 చేయండి. షూటింగ్‌లో అయితే ఆ వైపు థర్మోకోల్ ఒక అడుగు దగ్గరికి జరిపితే సరిపోతుంది.

గోదారి గట్టు

ఆల్బమ్ వేయిస్తారా? అయితే ల్యాబ్‌లో ఫైళ్లు ఇచ్చేటప్పుడు కలర్ కరెక్షన్ వద్దని కవరు మీద రాసి, నోటితో కూడా చెప్పండి. లేకపోతే మెషిన్ ఆ వెచ్చదనాన్ని తప్పనుకుని తనంతట తానే నీలం కలుపుతుంది. ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్‌లుగా ఎగుమతి చేయండి. ముందు మూడు ఫోటోలు, ఒక ఎర్ర చీర, ఒక తెల్ల చీర, ఒక హాల్ షాట్, 4×6లో వేయించి పగటి వెలుగులో చూసుకోండి. ప్రింట్ స్క్రీన్ కంటే చీకటిగా వస్తుంది, కాబట్టి మూడింట ఒక స్టాప్ పెంచి ఇవ్వాల్సి రావచ్చు.